ఇంటర్నల్ మార్కులు చేతిలో పెట్టుకున్న మేడమ్‌ని బీఎడ్‌లో ప్రశ్నించగలమా?

పీరియడ్‌ప్లాన్: ఇంటర్న్‌షిప్‌లో ఏడో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. బోర్డు మీద రొట్టె గీసి ముక్కలు చేస్తుంటే ఒక పిల్ల లేచి, "టీచర్, ముక్కలు సమానంగా లేవు" అంది. నిజమే, గీత వంకరపోయింది. చాక్‌పీస్ చేతికిచ్చి నువ్వే గియ్యమన్నాను. మిగతావాళ్లూ లేచి సలహాలు మొదలుపెట్టారు. వెనక బెంచీలో కూర్చున్న మా బీఎడ్ కాలేజీ మేడమ్ పరిశీలన పత్రంలో "తరగతి నియంత్రణ లేదు" అని రాశారు. "పిల్లల్ని ప్రశ్నించనివ్వమని మీరే చెప్పారు కదా మేడమ్" అన్నాను. అంతే, రికార్డు మీద సంతకం ఆగిపోయింది. మార్జిన్లు బాలేవని ఒకసారి, అట్ట రంగు వేరని ఇంకోసారి తిరగరాయించారు. నాకు 31 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇంటర్నల్స్ బయటి కాలేజీవాళ్లు వెయ్యాలంటాను.

చివరిబెంచి: అంత టెన్షన్ దేనికండీ? టీచర్ ఉద్యోగాలిచ్చే డీఎస్సీలో బీఎడ్ మార్కులు చూడరు. పరీక్షకి 80 మార్కులు, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) వెయిటేజీ 20, అంతే.

పీరియడ్‌ప్లాన్: మార్కులు చూడరు, నిజమే. పాసైన సర్టిఫికెట్ చూస్తారు కదా. అది ఆ సంతకం దాటితేనే వస్తుంది.

ఎర్రఇంకు: నేను ప్రైవేటు బీఎడ్ కాలేజీలో లెక్చరర్‌ని. అధికారం మా చేతిలో ఉందనుకుంటున్నారు, నవ్వొస్తోంది. టీచర్ ట్రైనింగ్ కాలేజీల్ని నియంత్రించే ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం తరగతులకి 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలి. మా దగ్గర నాన్-అటెండింగ్ వాళ్ల, అంటే పేరు రాయించుకుని క్లాసుకి రానివాళ్ల ముఖాలు పరీక్షలప్పుడే చూస్తాను. వాళ్లకి ఇంటర్నల్స్ ఎన్ని వెయ్యాలో కాలేజీ నడిపే కరస్పాండెంట్ గదిలోంచి చీటీ వస్తుంది. కాదంటే వచ్చే ఏడు నేనుండను. ఇక రోజూ వచ్చేవాళ్ల మీదేనా మా పెత్తనం అంటారా? అవును, కొంత అదే. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ బయటివాళ్లు వస్తే ఏం జరుగుతుంది? ఒక పూటలో యాభై రికార్డులు తిరగేసి, భోంచేసి వెళ్తారు. మీ రొట్టె బొమ్మ వాళ్లు చూడను కూడా చూడరు.

పాతడైట్: ఎర్రఇంకు గారి చివరి మాట నిజం. మార్కులు వేసేవాళ్లని మార్చడం కన్నా ఆ పత్రాన్ని మార్చడం మేలు. మైక్రో టీచింగ్‌లో, అంటే చిన్న పాఠం చెప్పి సాధన చేసే పద్ధతిలో, 6 నిమిషాలు పాఠం, 6 నిమిషాలు ఫీడ్‌బ్యాక్, 12 నిమిషాలు మళ్లీ రాసుకోవడం, తర్వాత మళ్లీ పాఠానికి 6, ఫీడ్‌బ్యాక్‌కి 6. తప్పు చేసి దిద్దుకోవడానికే ఆ 36 నిమిషాలు. ఇరవై వారాల ఇంటర్న్‌షిప్‌కి వచ్చేసరికి దిద్దుకునే భాగం ఎగిరిపోయి, తీర్పు మిగిలింది. పరిశీలన పత్రంలో విద్యార్థి జవాబుకి ఒక గడి పెట్టి, అదే రోజు నకలు చేతికివ్వాలి. మా డైట్‌లో (జిల్లా టీచర్ ట్రైనింగ్ కాలేజీలో) ఒక సార్ కార్బన్ పేపరు పెట్టి మరీ ఇచ్చేవారు. ఆయనతో గట్టిగా వాదించేవాళ్లం, ఆయనా ఊరుకునేవారు కాదు.

చివరిబెంచి: జవాబు గడిలో అందరూ "ధన్యవాదాలు మేడమ్" అని రాస్తారు చూడండి.

ఎర్రఇంకు: మొదటి ఏడాది అలాగే రాస్తారు లెండి. పీరియడ్‌ప్లాన్ గారూ, మరి సంతకం పడిందా?

పీరియడ్‌ప్లాన్: పడింది. రెండో పరిశీలన రోజు అదే పిల్ల చెయ్యెత్తింది. వెనక బెంచీ వైపు ఒకసారి చూసి, "కూర్చోమ్మా, తర్వాత" అన్నాను. పత్రంలో "నియంత్రణ బాగా మెరుగుపడింది" అని వచ్చింది.