బెంగళూరు కాంట్రాక్టుకు రోజుకు ఎంత అడగాలి?

ప్రశ్న (అనంతపురం):
మిత్రులకు నమస్కారం. బెంగళూరులో నెలకు 50,000 జీతానికి మూడేళ్లు పీహెచ్‌పీ, వర్డ్‌ప్రెస్‌లతో వెబ్‌సైట్లు తయారుచేసే పనులు చేసి, నాన్నగారి ఆరోగ్యం దృష్ట్యా నిరుడు అనంతపురం వచ్చేశాను. ఇప్పుడు అక్కడిదే మరో సంస్థ, ఇంటి నుంచే చేసే ఆరు నెలల కాంట్రాక్టుకు రోజుకు ఎంత తీసుకుంటారో చెప్పమంటోంది. పాత జీతాన్ని 22 పనిదినాలతో భాగిస్తే దాదాపు 2,270 రూపాయలు వస్తోంది. సొంత ఊళ్లో అద్దె లేదు కనుక 2,000 అడిగితే సరిపోతుందా? రియాక్ట్ (వెబ్ పేజీలో కనిపించే భాగాన్ని కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) రాకపోతే ఇక పనులుండవన్న మాటలో నిజమెంత?

సమాధానం (కర్నూలు):
పొరపాటు ఆ భాగహారంలోనే ఉందండి. ఉద్యోగికి ఉగాదికీ, జ్వరం వచ్చిన రోజుకూ జీతం పడుతుంది. మనకు పనిచేసిన రోజుకే పడుతుంది. ఏడాదిలో శని, ఆదివారాలు 104 పోగా, పండుగలకూ అనారోగ్యానికీ 30, ఒక కాంట్రాక్టు ముగిసి మరొకటి దొరికేలోపు ఖాళీగా గడిచే రోజులు 50 తీసేస్తే, బిల్లు వేయగలిగేవి సుమారు 180 రోజులే మిగులుతాయి. ఏడాది జీతం 6 లక్షలకు ల్యాప్‌టాప్, ఇన్వర్టరు, రెండో నెట్ కనెక్షను, ఆరోగ్య బీమా, ఇదివరకు యజమాని కట్టిన పీఎఫ్ వాటా కలిపి 1.2 లక్షలు చేర్చి చూడండి. 7.2 లక్షలను 180తో భాగిస్తే రోజుకు 4,000 వస్తుంది. ఇందులో లాభమేమీ లేదు, పాత జీతంతో సమానంగా ఉండటానికే ఇంత కావాలి. కాబట్టి 4,500తో మొదలుపెట్టి 4,000 దగ్గర ఆగండి. అద్దె లేకపోవడం మీ ఇంటి మిగులు, దాన్ని వాళ్లకు తగ్గింపుగా ఇవ్వనక్కరలేదు.

బిల్లును వృత్తి సేవగా చూపితే 10 శాతం, సాంకేతిక సేవగా చూపితే 2 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు. రిటర్ను వేసినప్పుడు అది మీ పన్నులో సర్దుబాటవుతుంది. ఏడాది రాబడి 20 లక్షలు దాటనంతవరకు జీఎస్టీ నమోదు అక్కరలేదు కనుక బిల్లులో 18 శాతం కలపకండి.

సమాధానం (కడప):
రెండో ప్రశ్నకు నేను చెబుతాను. రెడీమేడ్ డిజైను (థీమ్) తెచ్చి వర్డ్‌ప్రెస్ సైటు నిలబెట్టేవారు మన కడపలోనే వీధికొకరున్నారు, అందుకే ఆ పనికి ధర పడిపోయింది. అయితే పీహెచ్‌పీకి గిరాకీ లేదనుకోవడం తొందరపాటు. పీహెచ్‌పీ 7.4 వెర్షన్‌కు మద్దతు 2022 నవంబరులోనే ఆగిపోయినా దాని మీదే నడుస్తున్న సైట్లు ఇంకా ఉన్నాయి. వాటిని పాడుచేయకుండా 8కి మార్చగలవారికీ, పేమెంట్ గేట్‌వే తేడాలను సరిచేయగలవారికీ, సైటుకు అదనపు సదుపాయాలు చేర్చే ప్లగిన్ సొంతంగా రాయగలవారికీ మంచి రేటు పలుకుతోంది. రియాక్ట్ తప్పక నేర్చుకోండి, కానీ పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ అయిన లారావెల్‌తో జతచేసి నేర్చుకుంటే మీ మూడేళ్ల అనుభవం వృథా కాదు.

రేటు కంటే వసూలు కష్టమని కూడా చెప్పాలి. ఒక సంస్థ నాకు రెండు నెలల బిల్లు ఇవ్వడానికి ఏడు నెలలు తిప్పింది. ఒప్పందానికి ముందే ఉద్యమ్ పోర్టల్‌లో (చిన్న వ్యాపారాల నమోదుకు ప్రభుత్వం నడిపే సైటు) నమోదైతే, చట్టప్రకారం కొనుగోలుదారు 45 రోజులలోపు చెల్లించాలి. రాతపూర్వకమైన ఒప్పందం లేకుంటే గడువు 15 రోజులే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. 4,500 అడిగాను, 4,200కు ఒప్పుకున్నారు. ఉద్యమ్ నమోదుకు ఎవరికైనా రుసుము కట్టాలా?

సమాధానం (కడప):
అక్కరలేదు. ఆధార్, పాన్ ఉంటే ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా మీరే చేసుకోవచ్చు. డబ్బు అడిగే సైట్లు దళారులవి. ధ్రువపత్రం వచ్చాక ఆ సంఖ్యను ప్రతి బిల్లు మీదా వేయండి.