రోహిణిలో పగిలేవి రాళ్లా, రోళ్లా?

నల్లకుంట మనవడు: ఎండకి తలుపులేసుకుని కూర్చుంటే సగం సామెత ఒకటి గుర్తొచ్చి పొద్దుట్నుంచి వదలట్లేదు. రోహిణి కార్తె రాగానే మా నాయనమ్మ "రోహిణిలో రాళ్లు పగులుతాయి" అని మొదలుపెట్టి, దానికి తోకలా ఇంకో ముక్క అనేది. అందులో నీళ్ల మాటేదో ఉన్నట్టు లీలగా గుర్తు. ఎవరికైనా తెలుసా? "మృగశిర కురిస్తే ముసలెద్దు రంకె వేస్తుంది" అని మాత్రం చెప్పకండి, అది వేరే.

ఛందోభిమాని: రాళ్లు కాదండీ, రోళ్లు. ఆ "రో" మీదే సామెత నిలబడింది. చిత్త–చింతలు, ఉత్తర–ఎత్తర గంప, మృగశిర–ముసలెద్దు, కార్తె సామెతలన్నీ శబ్దం పట్టుకుని నడిచేవే. రాళ్లంటే ఉప్పులేని పప్పు.

సీతాఫల్‌మండి: మృకి ము యతి చెల్లదు సార్. మి, మె అయితే సరే.

ఛందోభిమాని: సామెతకి యతి లెక్కేంటండీ, చెవికి తగిలితే చాలు.

సీతాఫల్‌మండి: మరి రాళ్లకి మాత్రం ఎందుకు లెక్క?

బండ్లగూడ బండ: అక్షరం సంగతి మీరు తేల్చుకోండి గానీ రాయి వైపు నుంచి చూస్తే రాళ్లే కరెక్టు. ఎండ కాసేది బండ పై పొర మీద. రాయి వేడిని లోపలికి తొందరగా పోనివ్వదు, కాబట్టి పైన నాలుగు వేళ్ల మందం కాలిపోతుంటే అడుగు చల్లగానే ఉంటుంది. పై పొర సాగాలని చూస్తుంది, చుట్టూ ఉన్న బండ సాగనివ్వదు, చివరికి పొర పైకి ఉబ్బి పెచ్చులా లేస్తుంది. అదే రోలు అనుకోండి, నాలుగు వైపులా కోసి విడిగా పెట్టిన రాయి. సాగడానికి దానికి అడ్డేముంది? హాయిగా సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. కాబట్టి రోలు పగలదు, బండ పగులుతుంది. మౌలాలి గుట్టకి వెళ్లి చూడండి, ఉల్లిపొరల్లా ఎలా లేచాయో.

తార్నాక టీచర్: తమ్ముడూ, మౌలాలి పొరలన్నీ ఎండ ఖాతాలో రాసేస్తే ఎలా? మన గ్రానైట్ 250 కోట్ల ఏళ్ల నాటిది, భూమి లోపల చాలా లోతున, పైనున్న బరువు కింద గట్టిపడింది. పైనున్నదంతా కోట్ల ఏళ్లు కొట్టుకుపోయి బరువు తగ్గేసరికి రాయి పైకి సాగి, నేలకి సమాంతరంగా పొరలు విడింది. ఎండ పని ఆ తర్వాత. ఇక ఖాజాగూడలోనూ దుర్గం చెరువు దగ్గరా ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లున్నాయే, వాటిని గుండ్రంగా చేసింది ఎండ కాదు, నీళ్లు. అదీ నేల కింద ఉండగానే. పగుళ్లలోకి దిగిన వాన నీరు గ్రానైట్‌లో ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని మెల్లగా మట్టిగా మారుస్తుంది. మూలల్లో మూడు వైపుల నుంచీ తింటుంది కాబట్టి మూలలు ముందు పోతాయి. తర్వాత ఆ మట్టి కొట్టుకుపోతే లోపలి గుండు బయటపడుతుంది. అంతా ఎండే చేసిందనడం మా పాత పాఠం, ఇప్పుడు అలా చెప్పడం లేదు. 1936లో గ్రిగ్స్ అనే అమెరికన్ గ్రానైట్ ముక్కని 89,400 సార్లు వేడిచేసి చల్లార్చాడు. 244 ఏళ్ల పగళ్లూ రాత్రులూ అన్నమాట. ఏమీ కాలేదు. అదే చల్లార్చేటప్పుడు నీళ్లు చల్లాడు, రాయి పాడవడం మొదలైంది.

నల్లకుంట మనవడు: నీళ్లు! మేడమ్, నాయనమ్మ ముక్కలో ఉన్నదీ నీళ్ల మాటే. మృగశిర చినుకు పడితే పగులుతాయనా?

ఛందోభిమాని: నాయనమ్మగారు గ్రిగ్స్‌ని చదివి ఉండరు లెండి.

బండ్లగూడ బండ: మేడమ్, గ్రిగ్స్‌ది అరచేతిలో పట్టే ముక్క. విడి ముక్క పగలదనే కదా నేనూ అన్నది! బండ సంగతి వేరు. కాలిఫోర్నియాలో ట్వైన్ హార్ట్ అనే ఊళ్లో 2014 ఆగస్టులో మంచి ఎండలో గ్రానైట్ బండ టపాటపా పగిలి లేస్తుంటే జనం వీడియో తీశారు. అదే కాలిఫోర్నియాలోని యోసెమిటీలో కొండకి అంటుకున్న పలక పగలు వేడికి కొద్దిగా బయటికి జరిగి, రాత్రికి మళ్లీ లోపలికి వస్తోందని కొలిచి 2016లో పేపర్ వేశారు. మన వడ్డెరలకి ఇది ఎప్పుడో తెలుసు. బండ మీద నిప్పు రాజేసి, ఆ నిప్పుని జరుపుకుంటూ పోతే పలక లేచేది, సుత్తి మోతని బట్టి ఎక్కడిదాకా విడిందో చెప్పేవాళ్లు.

తార్నాక టీచర్: పలక అప్పటికే సగం విడి ఉంటే ఎండ మిగతాది చేస్తుంది, అక్కడివరకూ ఒప్పుకుంటా. గుండ్ల విషయంలో మాత్రం తగ్గేది లేదు.

కర్మన్‌ఘాట్ కోడలు: అందరూ రాతి రోలు అనే ఎందుకు అనుకుంటున్నారు? మా అత్తగారింట్లో కర్ర రోలే ఉండేది, వడ్లు దంచడానికి. మే నెల గాలిలో తేమే ఉండదు, వాకిట్లో ఎండకి పడేస్తే కర్ర నెర్రెలు బారదా? అందుకే వేసవిలో తడిగుడ్డ కప్పేవాళ్లు. రోళ్లే, కాకపోతే కర్రవి.

సీతాఫల్‌మండి: నాదింకో థియరీ. రాతి రోలే, అయినా పగిలేది ఎండకి కాదు, ఉప్పుకి. పచ్చడి నూరి కడిగితే ఉప్పునీళ్లు సన్న బీటల్లో దిగుతాయి, రోహిణి ఎండకి నీళ్లు ఆవిరై ఉప్పు స్ఫటికాలు పెరిగి బీటని తోస్తాయి. సముద్రం ఒడ్డున రాళ్లు తొర్రలు పడేది ఇలాగే. రాళ్లకి ఉప్పెవరు వేస్తారు? కాబట్టి రోళ్లు.

బండ్లగూడ బండ: ఇది మాత్రం సూపర్ అన్నా. తప్పయినా సూపర్.

నల్లకుంట మనవడు: నా రెండో ముక్క...

మాచర్ల అల్లుడు: రాళ్ల మాట వచ్చింది కాబట్టి శ్రీనాథుణ్ణి తలుచుకోకపోతే పాపం. "చిన్న చిన్న రాళ్లు చిల్లర దేవుళ్లు, నాగులేటి నీళ్లు నాపరాళ్లు". పద్యం ఆయనదేనా కాదా అనే గొడవ వదిలేయండి. రాసిందెవరైనా నాలుగు పాదాల్లో ఆ పలనాటి సీమ నేలా నీళ్లూ తిండీ అన్నీ చెప్పేశాడు. నాపరాయి అంటే సున్నపురాయి, దానికి రోహిణితో పనే లేదు. వాన చినుకు గాలిలోనూ మట్టిలోనూ బొగ్గుపులుసు వాయువుని కలుపుకుని వస్తుంది, సున్నపురాయిని కరిగించుకుంటూ పోతుంది. గ్రానైట్ సీమ కవి అయితే గుండ్ల గురించి రాసేవాడు. చలికాలం వరి అన్నం దొరక్క సజ్జా జొన్నా తిని విసుక్కున్నాడు పాపం.

తార్నాక టీచర్: చలికాలం అని పద్యంలో ఎక్కడుంది?

మాచర్ల అల్లుడు: లేదు, నేనే ఊహించా. ఇంకోటి, శ్రీనాథుడు 15వ శతాబ్దం నాటికే ఉన్నాడు. కార్తెలు నక్షత్రాలతో ముడిపడ్డవి, ఋతువులు సూర్యుడి వాలుతో. భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకోవడం, అదే అయన చలనం, దానివల్ల రెండింటికీ మధ్య 72 ఏళ్లకి సుమారు ఒక రోజు తేడా వస్తుంది. ఇప్పుడు మే 25 దగ్గర మొదలయ్యే రోహిణి, ఆయన రోజుల్లో ఋతువు లెక్కన ఓ ఎనిమిది రోజులు ముందే వచ్చేది. అంటే హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికొచ్చే మే 10కి మరికాస్త దగ్గర. ఇప్పటికంటే అప్పుడే ఈ సామెత బాగా నప్పేది.

బండ్లగూడ బండ: నడినెత్తికొచ్చిన రోజే ఎక్కువ వేడి అనుకుంటే ఎలా అన్నా? నేలలో తడి పూర్తిగా ఇంకిపోయాకే ఎండంతా గాలిని కాల్చడానికి మిగులుతుంది. తడి ఉన్నన్నాళ్లూ అందులో కొంత ఆవిరి చేయడానికే ఖర్చు. ఆగస్టు మొదటి వారంలోనూ సూర్యుడు నడినెత్తి మీదే ఉంటాడు, అప్పుడు గొడుగు పట్టుకుని తిరుగుతాం, మబ్బుల పుణ్యమా అని. ఇప్పటి రోహిణే సరిగ్గా ఉంది.

సీతాఫల్‌మండి: అల్లుడుగారూ, చివరి పాదం పూర్తి చేయలేదు. "పలనాటి సీమ పల్లెటూళ్లు" కదా?

ఛందోభిమాని: "పల్లెనాటి సీమ". ఆటవెలది రెండో, నాలుగో పాదాల్లో ఐదూ సూర్యగణాలే ఉండాలి. పల్లె, నాటి, సీమ, పల్లె, టూళ్లు, ఐదూ గురువు తర్వాత లఘువు వచ్చే హగణాలు, అంటే సూర్యగణాలే, దారానికి గుచ్చినట్టు. పలనాటి అంటే మొదట్లోనే గణం విరుగుతుంది.

మాచర్ల అల్లుడు: గణం సరే, మా అత్తగారి ఊళ్లో పల్లెనాడు అనేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. పల్లవనాడు పలనాడైందనే వాదన కూడా ఉంది, మధ్యలో పల్లె ఎక్కణ్ణుంచి దిగింది?

ఛందోభిమాని: మీ అత్తగారి ఊరివాళ్లనే "పలనాటి" పెట్టి ఆటవెలది నడిపించి చూపించమనండి, ఒప్పుకుంటా.