ముప్పై ఒకటో ఏట డిగ్రీ ఫస్టియర్: రెగ్యులరా, డిస్టెన్సా?

లాడ్జి_కౌంటర్

అందరికీ నమస్తే. మాది పాకాల దగ్గర పల్లె, ఉండేది తిరుపతిలో. వయసు 31. ఇంటర్ ఎంపీసీ పాసయ్యాక ఇంట్లో పరిస్థితి బాగాలేక చదువు ఆపేసి, బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో చేరాను, అక్కడే ఉండిపోయాను. ఇప్పుడు చెల్లెలి పెళ్ళి అయిపోయింది, అప్పులూ తీరాయి. డిగ్రీ ఒకటి చేతిలో ఉంటే గ్రూప్-2 రాయొచ్చని ఆశ. టౌన్‌లోనే ఒక కాలేజీలో బీఏ ఎకనామిక్స్‌కి వెబ్ ఆప్షన్ పెట్టాను, సీటు వచ్చేలాగే ఉంది.

టెన్షన్ ఏంటంటే, క్లాసులో అందరికీ పదిహేడు, పద్దెనిమిదేళ్ళే ఉంటాయి. పైగా మా అక్క కొడుకు ఈ ఏడే ఇంటర్ అయ్యాడు, వాడూ అదే కాలేజీ అంటున్నాడు. మేనమామ, మేనల్లుడు ఒకే బెంచీలో కూర్చుంటే ఊళ్ళోవాళ్ళు నవ్వరా? వాడు మాత్రం "నువ్వొస్తే నాకు నోట్స్ బాధ తప్పుతుంది మామా" అంటున్నాడు, వాడికేం. ఇంత వయసులో రెగ్యులర్‌కి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? లేక గుట్టుగా డిస్టెన్స్‌లో కట్టేయడం మేలా?

కువైట్_రిటర్న్

అన్నా, నేను 28కి చేరాను, ఇప్పుడు ఫైనలియర్. మాది పీలేరు, ఇంటర్ తర్వాత కువైట్ వెళ్ళి వచ్చినవాణ్ణి. మొదటి రోజు నేను క్లాసులోకి అడుగు పెట్టగానే పిల్లలంతా లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ సార్" అన్నారు. నేను పోయి చివరి బెంచీలో కూర్చుంటే కాసేపు ఎవరికీ ఏం అర్థం కాలేదు, తర్వాత ఒకటే నవ్వులు. ఆ వారమంతా "అన్నా నీకు పిల్లలున్నారా", "అన్నా కువైట్‌లో జీతమెంత" ఇవే ప్రశ్నలు. ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు, వాళ్ళ ఇన్‌స్టా వాళ్ళది, వాళ్ళ లవ్వులు వాళ్ళవి. ర్యాగింగ్ గురించైతే మర్చిపో, సీనియర్లే నన్ను అన్నా అనేవాళ్ళు.

వయసు నాకు నిజంగా పనికొచ్చింది ఫస్టియర్ అయ్యాక ఎండాకాలంలో. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టని ఒకటుంటుంది, 180 గంటలు, ఒక ఊరో వార్డో పట్టుకుని ఇంటింటికీ తిరిగి సర్వే చేసి రిపోర్టు రాయాలి. మా బ్యాచ్‌కి చంద్రగిరి పక్కన పల్లె పడింది. పిల్లలు వాకిలి దాకా వెళ్ళి ఒకరినొకరు తోసుకుంటూ నిలబడతారు, ప్రశ్నల కాగితం చేతిలోనే ఉంటుంది, నోరు పెగలదు. లోపల నుంచి ఆయమ్మ "ఎవరబ్బా మీరు, లోన్ వాళ్ళా?" అని అరుస్తుంది. నేను పోయి అరుగు మీద కూర్చుని "మంచినీళ్ళు ఇస్తావామ్మా" అని మొదలుపెట్టేవాణ్ణి. కుళాయి ఎన్నిరోజులకొకసారి వస్తుంది, పింఛను ఎవరికి, ఆవులెన్ని, డైరీకి పాలెన్ని పోస్తారు, అన్నీ ఆమే చెప్పేది, పిల్లలు రాసుకునేవాళ్ళు. ఆ సెలవుల తర్వాత నేను వాళ్ళలో ఒకణ్ణి అయిపోయాను.

కష్టం ఎక్కడంటే ఇంగ్లిష్ రాయడం. ఇన్నేళ్ళ తర్వాత మూడు గంటలు పెన్ను పట్టుకుంటే చెయ్యి గుంజేస్తుంది. అది మాత్రం ఇంట్లో రోజూ రాసి అలవాటు చేసుకో.

చాక్‌పీస్_మేడం

నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను కాబట్టి అటువైపు నుంచి ఒక మాట. పెద్ద వయసులో వచ్చినవాళ్ళు చదవలేక మానేయడం నేను చూడలేదు, హాజరు చాలక డిటెయిన్ అయ్యి మానేయడం చూశాను. మీ అసలు సమస్య మేనల్లుడు కాదు బాబూ, అటెండెన్స్. 75 శాతం ఉండాలి. మామూలుగా 65 దాటితే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి కండొనేషన్ (తగ్గిన హాజరుకి మినహాయింపు) తీసుకోవచ్చు, అంతకన్నా తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు.

మీరు చేసేది లాడ్జిలో, అదీ తిరుపతిలో. సెప్టెంబరు, అక్టోబరుల్లో బ్రహ్మోత్సవాలు, గరుడసేవ ముందురోజు మీ ఓనరు సెలవిస్తాడా? డిసెంబరు, జనవరిలో వైకుంఠ ఏకాదశి, ఇప్పుడు ద్వార దర్శనం పది రోజులు పెడుతున్నారు, చాలాసార్లు సెమిస్టర్ పరీక్షలూ ఆ దరిదాపుల్లోనే పడతాయి. ఎండాకాలం రద్దీ సరే, అప్పుడు క్లాసులు ఉండవు. నైట్ డ్యూటీ చేసి పొద్దున తొమ్మిదిన్నరకి క్లాసుకి వస్తారా? వస్తారు, ఒక నెల. రెండో నెల నుంచి నా క్లాసులోనే నిద్రపోతారు, నేను లేపను కూడా, పాపం అనిపిస్తుంది. సీటు ఖాయం చేసుకునే ముందే ఓనరుతో మాట్లాడండి. సాయంత్రం నుంచి రాత్రి పది, పదకొండు దాకా షిఫ్ట్ దొరికితే రెగ్యులర్ బ్రహ్మాండంగా నడుస్తుంది.

ఇంకో సంగతి, ఇప్పుడు డిగ్రీ నాలుగేళ్ళ ఆనర్స్ అంటున్నారని భయపడొద్దు, మూడేళ్ళకే డిగ్రీ పట్టా తీసుకుని బయటికి రావచ్చు. గ్రూప్-2కి అది చాలు.

పదహారేళ్ళ_ఇంజనీర్

నాది మీకు రివర్స్ కేసు అన్నా 😅 చిన్నప్పుడు డబుల్ ప్రమోషన్ ఇచ్చేశారు, బీటెక్ ఫస్టియర్‌లో చేరేటప్పటికి నాకు పదహారు నిండి కొన్ని నెలలే. చిత్తూరు నుంచి వచ్చి తిరుపతి దగ్గర హాస్టల్లో ఉంటున్నాను. క్లాసులో అందరూ "పాప" అంటారు, పేరుతో పిలవరు. చదువులో ఇబ్బంది లేదు, తక్కినవాటిలోనే. పద్దెనిమిది నిండితే గానీ స్కూటీకి లైసెన్స్ రాదు. మా రూమ్మేట్స్ ఓటేసి వచ్చి వేలు చూపిస్తుంటే నేను ఫోటో తీసిపెట్టాను. హాస్టల్ నుంచి బయటికెళ్ళాలంటే నాకు మాత్రం వార్డెన్ మా నాన్నకి రెండుసార్లు ఫోన్ చేస్తుంది.

మీకు అవేవీ ఉండవు కదా, ఎందుకు అంత దిగులు? ఇంకోటి, ఈ ఊరు చూడండి. ఎస్వీయూ, పద్మావతి మహిళా, వెటర్నరీ, సంస్కృతం, ఐఐటీ, ఐసర్, ఎటు చూసినా చదువుకునేవాళ్ళే. ఎస్వీయూ క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్ళకు మీ వయసే ఉంటుంది. బాలాజీ కాలనీలో బ్యాగు తగిలించుకుని నడిచే ముప్పై ఏళ్ళ మనిషిని ఎవరూ తిరిగి చూడరు. నీట్‌కి కూడా 2022లో పై వయసు పరిమితి తీసేశారు.

రేణిగుంట_లోకల్

అందరూ రెగ్యులర్ రెగ్యులర్ అంటున్నారు, నేను ఒప్పుకోను. ఆయనకు కావాల్సింది గ్రూప్-2 రాయడానికి డిగ్రీ. పిల్లలతో ఫ్రెషర్స్ డే చేసుకోవడానికి కాదు కదా. యూజీసీ (యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉన్న డిస్టెన్స్ డిగ్రీ రెగ్యులర్‌తో సమానమని యూజీసీ రూల్సే చెబుతున్నాయి, చేరే ఏడాదికి ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకి గుర్తింపు ఉందో లేదో యూజీసీ వాళ్ళ డిస్టెన్స్ బ్యూరో వెబ్‌సైట్‌లో చూసుకుంటే చాలు. ఇగ్నో (ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ) ఉంది, బీఏకి వయసు పరిమితి లేదు, మూడేళ్ళ కోర్సుని ఆరేళ్ళ వరకు సాగదీసుకోవచ్చు, పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. అసైన్‌మెంట్లు మాత్రం టైముకి ఇవ్వాలి, చాలామంది అక్కడే బోల్తా పడతారు. జీతం పోగొట్టుకుని క్లాసులో కూర్చునే బదులు ఆ టైంలో గ్రూప్-2 సిలబస్ చదువుకోవచ్చు.

కువైట్_రిటర్న్

రేణిగుంట అన్నా, మీరు చెప్పింది కరెక్టే, కానీ ఒంటరిగా పుస్తకం తెరిచి చదివే అలవాటు ఉన్నవాళ్ళకు అది. మా ఫ్రెండ్ ఒకడు డిస్టెన్స్ కట్టి పుస్తకాలు వచ్చిన కవరు కూడా చింపలేదు. తనెలాంటివాడో లాడ్జి అన్నకే తెలియాలి.

లాడ్జి_కౌంటర్

అందరికీ థ్యాంక్స్. మేడం గారు చెప్పింది చదివాక ఈరోజే ఓనరుతో మాట్లాడాను. మధ్యాహ్నం మూడు నుంచి పదకొండు షిఫ్ట్ ఇస్తాడంట, జీతంలో కొంచెం కోత పెట్టి. బ్రహ్మోత్సవాలప్పుడు మాత్రం సెలవు మాట ఎత్తొద్దన్నాడు. కవరు చింపని బాపతు నేనే, కాబట్టి రెగ్యులర్‌కే వెళ్తాను. ఇన్నేళ్ళ గ్యాప్‌కి కాగితాలు ఏమేం అడుగుతారు?

చాక్‌పీస్_మేడం

టెన్త్, ఇంటర్ మెమోలు, ఇంటర్ కాలేజీ టీసీ ఒరిజినల్ (పోయుంటే ముందుగా ఆ కాలేజీకి వెళ్ళి డూప్లికేట్ అడగండి, దానికే టైం పడుతుంది), స్టడీ సర్టిఫికెట్లు. గ్యాప్‌కి నోటరీ చేయించిన అఫిడవిట్ అడుగుతారు, ఈ ఏళ్ళలో ఏం చేశారో అందులో ఒక లైను రాస్తే చాలు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు సచివాలయంలో. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి వయసు లెక్క ఉంటుంది, అది మీ కేటగిరీ చెప్పి కాలేజీ ఆఫీసులోనే కనుక్కోండి, దాన్ని నమ్ముకుని ఫీజు డబ్బులు ఖర్చు పెట్టేయకండి.