వాయిదా పడిన దరఖాస్తుకు ఇప్పుడు కొత్త వివరాలు పంపవచ్చా?

ప్రశ్న: న్యూజెర్సీలో పన్నెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఎర్లీ డెసిషన్ (సీటిస్తే తప్పక చేరతామన్న ఒప్పందంతో ముందుగా పెట్టే) దరఖాస్తును ఒక కళాశాల డిసెంబరులో రెగ్యులర్ (అందరితోపాటు పరిశీలించే మామూలు) విడతకు వాయిదా వేసింది. ఆమెకు ఈ వారమే, అంటే ఫిబ్రవరి చివర్లో, సైన్స్ పోటీలో బహుమతి వచ్చింది. ఇంత ఆలస్యంగా తెలియజేయడం సబబేనా?

జవాబు 1: సబబేనండీ, అయితే ఈరోజే పంపించండి. రెగ్యులర్ ఫలితాలు చాలావరకు మార్చి నెలాఖరుకల్లా వెలువడతాయి. ముందుగా కళాశాల పోర్టల్‌లోని (దరఖాస్తు స్థితి చూసుకునే వెబ్‌పేజీలోని) సూచనలు చదవండి. అదనపు సమాచారం వద్దని కొన్ని కళాశాలలు స్పష్టంగా రాస్తాయి, అలా రాసి ఉంటే పంపకపోవడమే మర్యాద.

జవాబు 2: ఉత్తరం మీరు కాక, అమ్మాయే స్వయంగా రాయాలి. పాత వ్యాసాన్ని తిరగరాయకుండా, బహుమతి దేనికి వచ్చిందో, ఆ పనిలో తన పాత్ర ఏమిటో ఒక్క పేజీలోపు చెబితే చాలు. మొదటి సెమిస్టర్ మార్కులు చేరాయో లేదో బడి కౌన్సెలర్‌ను అడగండి. నా దృష్టిలో అవే ముఖ్యం.

ప్రశ్న అడిగినవారు: పోర్టల్‌లో అభ్యంతరమేమీ లేదు. అమ్మాయి ఈ రాత్రికే రాస్తోంది. కృతజ్ఞతలు.