జనాభా ఎక్కువైందా, తక్కువవుతోందా? రెండు మాటలూ వింటున్నాం, ఏది నిజం?

కొమ్మాది కోడలు:
అందరికీ నమస్కారం. మాకు ఒక్క పాప, ఐదేళ్లు. ఇంకొకరు వద్దనుకున్నాం. ఇన్నాళ్లూ రెండో బిడ్డ సంగతి అడిగేది మా అత్తయ్య ఒక్కరే. ఇప్పుడు పిల్లల్ని ఎక్కువమందిని కనండంటూ ఆంధ్ర ముఖ్యమంత్రిగారు కూడా ఆవిడ వైపే చేరారు. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవాళ్లు పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత రూలు 2024లో తీసేశారు కదా, ఆ వార్త కత్తిరించి మా ఫ్రిజ్ మీద అంటించారు ఆవిడ. ఆఫీసుకెళ్తే ఇంకో గోల. పక్క సీటాయన ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది, భూమి మొయ్యలేదు, ఒక్కరిని కన్నా దండగే అన్నట్టు మాట్లాడతాడు.

కనాలా వద్దా అని నేను అడగట్లేదు, అది మా ఇంటి విషయం. ఇద్దరూ లెక్కలే చూపిస్తున్నారు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

లెక్కల మాష్టారు, పెదవాల్తేరు:
అమ్మా, మీ పక్క సీటాయన ప్రపంచం గురించి చెబుతున్నాడు, మీ అత్తగారు ఆంధ్ర గురించి. అందుకే రెండూ నిజమే.

ప్రపంచం 800 కోట్లు చేరింది 2022 నవంబరులో. కానీ పెరిగే వేగం 1960ల్లోనే శిఖరానికి చేరి, అప్పట్నుంచి తగ్గుతూ వస్తోంది. ఐక్యరాజ్యసమితి 2024 అంచనా ప్రకారం 2080ల్లో 1030 కోట్ల దగ్గర ఆగి, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. మన దేశం 2060ల మొదట్లో 170 కోట్ల దాకా వెళ్లి తగ్గడం మొదలుపెడుతుంది.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. జనాభా పెరగకుండా తరగకుండా నిలబడాలంటే ఒక్కో స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలుండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం సగటు 2.0కి, ఆంధ్ర 1.7కి దిగిపోయాయి. మరి ఇంకా పెరగడమేమిటి? పాతికేళ్ల కిందట పుట్టిన ఆడపిల్లలు దేశంలో కోటికి పైగా ఉన్నారు. వాళ్లు ఒక్కరినే కన్నా, ఆ ఏడాది పుట్టినవాళ్లు పోయినవాళ్లకంటే ఎక్కువే తేలతారు. ఇంజను ఆపేసినా రైలు కొంతదూరం పోతుంది కదా, అలాగ.

ముఖ్యమంత్రిగారి బెంగకి ఇంకో కారణం కూడా ఉంది. ఏ రాష్ట్రానికి ఎన్ని లోక్‌సభ సీట్లన్నది ఇప్పటికీ 1971 జనాభా మీదే నడుస్తోంది. అది మారితే, ‘మేమిద్దరం మాకిద్దరు’ అంటే బుద్ధిగా విన్న దక్షిణాది వాటా తగ్గుతుంది. కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణం గోడగోడకీ వేసిన రోజులు నాకు గుర్తే. ఇప్పుడు కనమని చెప్పడం వింటే నవ్వొస్తుంది.

భూమి మొయ్యలేదన్న మాట మాత్రం నాకు మింగుడుపడదు. నైజర్‌లో తల్లికి సగటున ఆరుగురు పిల్లలు. అయినా అక్కడ మనిషి తలకి ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్ టన్నులో పదో వంతు ప్రాంతంలో ఉంటుంది. మనది రెండు టన్నులు. అమెరికావాడిది పద్నాలుగు దాకా. మరి భూమికి భారమెవరు?

అంతదూరం ఎందుకు, మా ఇల్లే చూడండి. మా నాన్నగారి హయాంలో తొమ్మిదిమందికి ఒక బావి, ఒక ఫ్యాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో మా వరసలో మూడు ఫ్లాట్లున్నాయి. మూడింట్లోనూ ఇద్దరేసి ముసలివాళ్లం, పిల్లలంతా బయట. మూడు ఫ్రిజ్‌లు, ఐదు ఏసీలు, మూడు కార్లు. తలలు తగ్గాయి, మీటరు తగ్గలేదు. లెక్కపెట్టాల్సింది తలల్నే కాదు, కాపురాల్ని కూడా.

మేఘాద్రిగెడ్డ:
మాష్టారూ, బాగా చెప్పారు గానీ విశాఖకి వచ్చేసరికి చిన్న సవరణ. నేను నీటి సరఫరాలో చేసి రిటైరయ్యాను. ఈ ఊరు పెరిగేది పురుళ్ల వల్ల కాదండి, బస్సుల వల్ల. శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా వైపు నుంచి పనికొచ్చినవాళ్లు ఇక్కడే స్థిరపడతారు. రాష్ట్రం సగటు 1.7 అయినా పంపు దగ్గరున్నవాడికి ఒరిగేదేమీ లేదు.

పైగా మన నీళ్లు చాలావరకు మన ఊళ్లో పుట్టవు. తాటిపూడి జలాశయం విజయనగరం జిల్లాలో, రైవాడ జలాశయం అనకాపల్లి జిల్లాలో. ఏలేరు నీళ్లయితే కాకినాడ జిల్లా నుంచి కాలువలో నూట యాభై కిలోమీటర్లు రావాలి. దారిలో రైతుకీ కావాలి, ఇక్కడికొచ్చాక ఫ్యాక్టరీలకీ కావాలి. నగరానికి మనిషికి రోజుకి 135 లీటర్లని ప్రమాణం. ఎంతమంది మనుషులకి? 2011 లెక్కల్లో నగరం 17 లక్షల పైచిలుకు. ఆ తర్వాత లెక్కే లేదు, 2021ది ఆగిపోయింది. ఇన్నేళ్లూ పైపులు వేసింది అంచనా మీదే.

ఆశీల్‌మెట్ట అక్క:
కనమని చెప్పేవాళ్లకి ఒక్క మాట. దక్షిణ కొరియా పిల్లల్ని కనమని ఏళ్ల తరబడి డబ్బు గుమ్మరించింది. 2023లో వాళ్ల సగటు 0.72. డబ్బిస్తే కాదు, ఆడవాళ్లు సాయంత్రం వేళకి ఇంటికి రావాలి, మగవాళ్లు గిన్నెలు తోమాలి. నేను ఆటోనగర్‌లో పని చేస్తాను. మా కంపెనీలో డేకేర్ అంటే వాచ్‌మన్ గది. ముందు అది చూడమనండి, తర్వాత మూడో బిడ్డ సంగతి.

కొమ్మాది కోడలు:
అక్కా, ఈ మాటలన్నీ ప్రింటు తీసి పక్క సీటాయన టేబుల్ మీద పెట్టాలనుంది. మాష్టారూ, ఒక అనుమానం. మా పాప ముప్ఫైల్లో పడేసరికి మాలాంటి పెద్దవాళ్లే ఎక్కువుంటారా?

లెక్కల మాష్టారు, పెదవాల్తేరు:
దేశంలో 2050కి ప్రతి ఐదుగురిలో ఒకరు అరవై దాటినవాళ్లని అంచనా. ఆంధ్రలో పిల్లలు ముందే తగ్గారు కాబట్టి ఇక్కడ ఇంకాస్త ముందే. జపాను ధనికదేశం అయ్యాక ముసలిదయింది, మనం అవ్వకుండానే అవుతున్నాం. పింఛను లేని ముసలివాళ్లు ఎక్కువుంటారు. నన్నడిగితే ఇప్పటి నుంచే పట్టించుకోవాల్సింది అది. సాయంత్రం ఆరు దాటాక బీచ్‌రోడ్డు దాటలేక నేనే నిలబడిపోతుంటాను. సిగ్నల్ ఇరవై సెకన్లకి మారిపోతే మోకాళ్లనొప్పులవాడు ఎక్కడికి పోతాడు?

మేఘాద్రిగెడ్డ:
2027 జనగణనకి మనిషి వచ్చినప్పుడు తలుపు తియ్యండి సార్, పైఫ్లాటులో అద్దెకున్న కుర్రాళ్లని కూడా రాయించండి. పోయినసారి మా వీధిలో చాలామంది సొంతూరి పేరే చెప్పారు. మరి ఆ నీళ్లు ఏ ఊరి ఖాతాలో వెయ్యాలి?