షెంకర్ లైవ్ ఆల్బమ్: ఒక రాత్రి కచేరీనా, ఏరి కూర్చినదా?

ఆరు తీగలు (తిరుపతి): బ్రిటిష్ రాక్ బ్యాండు యూఎఫ్ఓ వాళ్ల లైవ్ ఆల్బమ్ ‘స్ట్రేంజర్స్ ఇన్ ది నైట్’ను అందరూ నెత్తిన పెట్టుకుంటారు. 1978లో అమెరికాలో చికాగో, లూయివిల్ లాంటి ఊళ్లలో రికార్డు చేసి, నచ్చినవి ఏరి 1979లో తెచ్చారు. ఆ ఎంపికలు కొన్ని తనకు నచ్చలేదని గిటారిస్టు మైకేల్ షెంకరే తర్వాత చెప్పాడు. వాయించినవాడు ఒప్పుకోనిది గొప్ప లైవ్ ఎలా అవుతుంది? నా ఓటు ఆయన సొంత బృందంతో 1981లో టోక్యోలోని బుడోకాన్ హాల్లో వాయించిన ‘వన్ నైట్ ఎట్ బుడోకాన్’కే.

మిక్సర్ మామ (చిత్తూరు): ఏరితే తప్పేమిటి? ‘స్ట్రేంజర్స్’లో ‘రాక్ బాటమ్’ పాట పదకొండు నిమిషాలు దాటుతుంది. వా పెడల్‌ను (గిటార్ నాదాన్ని మార్చే కాలి మీట) ఆడించకుండా సగం తొక్కి అక్కడే ఆపితే ముక్కుతో పాడినట్టు వచ్చే ఆ నాదం వినండి. అన్ని టేపులూ విని దాన్ని పట్టుకున్నది ప్రొడ్యూసర్ రాన్ నెవిసన్ చెవి.

కపిలతీర్థం: జర్మన్ రాక్ బ్యాండు స్కార్పియన్స్ గిటారిస్టు రుడాల్ఫ్ తమ్ముడేగా ఈ షెంకర్? అన్న బ్యాండు ఊరూరా తెలుసు, తమ్ముడు మనలాంటి నలుగురికే. అది మాట్లాడండి.

ఆరు తీగలు: అది వేరే చర్చ. ‘స్ట్రేంజర్స్’ ఒక రాత్రిదా, కాదా? మామ గారూ, ఒక్క ముక్కలో చెప్పండి.

మిక్సర్ మామ: కాదు. అయితే ఏమిటి? 2020లో ఆ ఆరు కచేరీలు పూర్తిగా, ఎనిమిది డిస్కుల సెట్‌లో వచ్చాయి. అన్నీ విన్నాక కూడా నాకు పాత ఎంపికే మేలనిపించింది. బుడోకాన్‌లో కోజీ పావెల్ డ్రమ్స్ అద్భుతం, కానీ గ్యారీ బార్డెన్ గొంతు నాకు ఎక్కదు.

ఆరు తీగలు: మీ మిక్సింగ్ వాళ్లంతా ఇంతే. గంగ జాతరలో ఒక ఆర్కెస్ట్రాకు వాయించడానికి పిలిచారు. వేదిక ఎక్కి చూస్తే నా గిటార్ వైరు రెండో కొస మిక్సర్‌కు పెట్టనే లేదు, చుట్ట చుట్టి టేపు వేసి స్పీకరు వెనక పడేశారు. పాటంతా ల్యాప్‌టాప్‌లోంచి వస్తోంది. ‘వేళ్లు ఆడించు చాలు’ అన్నాడు బోర్డు దగ్గర కూర్చున్న పెద్దమనిషి. చివరికి డబ్బు సగమే ఇచ్చారు, వాయించలేదు కదా అని!

కపిలతీర్థం: కోపం నెవిసన్ మీద కాదన్నమాట.

మిక్సర్ మామ: నోరు అదుపులో పెట్టుకోండి. ఆ పని చేసింది నేనా? గిటారిస్టు ఆలస్యంగా వచ్చినా, తీగ తెగినా జనం తిట్టేది సౌండ్ వాడినే. పాట బాగా వస్తే చప్పట్లు మాత్రం మీకు. ముప్పై ఏళ్లుగా ఒక్కడైనా బోర్డు వైపు తిరిగి చేయెత్తాడా?

ఆరు తీగలు: చప్పట్లతో ఇంటి అద్దె కట్టలేను. నెవిసన్ ఏరాడు, సరే. ఏరడానికి ఒకడు వాయించాలి కదా! మీరు ఆ ఒక్కడినీ లేకుండా చేస్తున్నారు.

మిక్సర్ మామ: ఆల్బమ్ బయటికి వచ్చేలోపే షెంకర్ బ్యాండు వదిలి వెళ్లిపోయాడు. దాన్ని పూర్తిచేసింది ఎవరో మీరే చెప్పండి.

ఆరు తీగలు: పూర్తిచేసినవాడికి కూలి ఇవ్వండి. వాయించినవాడి కూలి కోసి కాదు.

భవానీ నగర్ శ్రోత: బుడోకాన్ ఎల్‌పీ రికార్డు ఎవరైనా అమ్ముతారా? గీతలు లేకుండా ఉండాలి.