రా డెనిమ్ జీన్స్ కొన్నాను, మన ఎండల్లో ఎన్నాళ్ళు ఉతక్కుండా ఉండాలి?

ఎంవీపీ_కాలనీ:

అందరికీ నమస్కారం. పోయిన నెల జీతం పడగానే మొదటిసారి రా డెనిమ్, అంటే కుట్టాక ఒక్కసారి కూడా ఉతకని జీన్స్, తీసుకున్నాను. చదరపు గజానికి 14 ఔన్సుల బరువున్న గుడ్డ, సెల్వెడ్జ్ (అంచు పోగులు ఊడకుండా మగ్గం మీదే నేసినది), స్ట్రెచ్ అసలు లేదు. లేబుల్ మీద శాన్ఫరైజ్డ్ (ముందే కుదించినది) అని ఉంది. షాపులో అబ్బాయి ఆరు నెలల దాకా నీళ్ళు తగలనివ్వొద్దన్నాడు. మాది విశాఖ. ఈ మే నెలలో ఆఫీసుకి బండి మీద వెళ్ళి వచ్చేసరికి నడుము పట్టీ, మోకాళ్ళ వెనక చెమటతో తడిసిపోతోంది. ఆరు నెలలు ఎలా ఆగాలో తెలియడం లేదు.

అమ్మేమో ముందు కల్లుప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందంటోంది. ఫ్రెండ్ ఒకడు కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడితే వాసన పోతుందన్నాడు. ఈలోగా తెల్ల బూట్ల మీద, బండి సీటు మీద నీలం అంటుతోంది. నడుము గుండీ కూడా ఊపిరి బిగబడితే గానీ పడటం లేదు. వేసుకోగా వేసుకోగా ముడతల దగ్గర రంగు వెలిసి తొడల మీద, మోకాళ్ళ వెనక తేలే ఆ గీతలు బాగా రావాలని నా కోరిక. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

సిరిసిల్ల_పోరడు:

అన్నా, ఆరు నెలల లెక్క ఇడిసిపెట్టు. వాసనొస్తే నీళ్ళల్ల ఏసుడే. నేను రెండు జతలు మార్చి మార్చి తొడుగుత, ఒకదాన్ని రెండు దినాలు గాలికి ఆరేస్త.

గుండీ గురించి పరేషాన్ గాకు. స్ట్రెచ్ లేని గుడ్డ నడుము కాడ అర ఇంచు, ఒక్కోసారి ఇంచు దాకా సాగుతది. తొడల కాడ, కూసున్నప్పుడు కింది కుట్టు కాడ పట్టేస్తుందంటే మాత్రం షాపుకు వొయ్యి సైజు మార్చుకో, ఆడ్నే ముందుగాల చినుగుతది. పొడుగు తగ్గియ్యాలంటే ఒక్కసారి నానబెట్టి, ఆరినంకనే టైలర్ కాడికి తీస్కపో. ముందే కత్తిరిస్తే తర్వాత పొట్టిగైతది.

చీరాల_మగ్గం:

మాది చీరాల దగ్గర మగ్గాల ఇల్లు. నేను ఇప్పుడు గుజరాత్‌లో ఒక డెనిమ్ మిల్లులో డైయింగ్ సెక్షన్‌లో చేస్తున్నాను, రోజంతా నీలిమందు తొట్ల మధ్యే పని. అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు తమ్ముడూ.

ముందు అమ్మగారి ఉప్పు సంగతి. కొన్ని రకాల రంగులకు అద్దకం తొట్టిలోనే ఉప్పు వేస్తారు, రంగు నూలుకి బాగా ఎక్కడానికి. ఆ అలవాటే ఇళ్ళలోకి వచ్చింది. నీలిమందు తీరు వేరు. అది మామూలుగా నీళ్ళలో కరగదు. క్షారం, హైడ్రోసల్ఫైట్ అనే రసాయనం వేసి దాన్ని కరిగే రూపానికి తెస్తాం. అందులో ముంచిన నూలు పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో పైకొస్తుంది. గాలి తగిలిన కాసేపటికే నీలమవుతుంది. మళ్ళీ ముంచుతాం, మళ్ళీ గాలికి లేపుతాం. ఇన్నిసార్లు ముంచినా రంగు నూలు పైపొరలోనే ఉంటుంది. కోసి చూస్తే వంకాయలాగా తొక్క మీదే రంగు, లోపలంతా తెలుపు. నువ్వు కోరుకుంటున్న గీతలు వచ్చేది ఆ తెలుపు బయటపడ్డ చోటే. కాబట్టి ఉప్పు వేసినా, వెనిగర్ పోసినా ఈ రంగు ‘నిలవదు’. అరిగితే పోయే రంగు కాబట్టే దీనికింత మోజు.

ఇక మన నేతవాళ్ళకు తెలిసిన విషయం గంజి. పడుగు నూలు (నిలువు పోగులు) మగ్గం మీద తెగకుండా గంజి పట్టిస్తారు. మా ఊళ్ళో తెల్లవారుజామున వీధి పొడుగునా పడుగు సాగదీసి పట్టించేవాళ్ళు. మిల్లులో అదే పని యంత్రం చేస్తుంది. డెనిమ్‌లో పడుగు నీలం, పేక (అడ్డపోగులు) తెలుపు. పడుగు పోగు మూడు పేకల మీదుగా వెళ్ళి ఒకదాని కింద దూరుతుంది, అందుకే బయట నీలం, లోపల తెలుపు కనిపిస్తుంది. మామూలు జీన్స్ కుట్టాక ఉతికి గంజి తీసేస్తారు. నీ దాంట్లో గంజి ఇంకా అలాగే ఉంది. నువ్వు కూర్చున్నప్పుడు పడిన ముడత, లేచాక కూడా అక్కడే ఉండేది ఆ గంజి వల్లే. మర్నాడు మళ్ళీ అదే చోట ముడత పడుతుంది, దాని గట్టు మీదే రాపిడి జరుగుతుంది. అలా గీత తేలుతుంది. గంజి పోయాక ముడతలు మెత్తబడి అటూ ఇటూ జరుగుతాయి, గీతకు బదులు అంతటా సమానంగా వెలిసిపోతుంది. ‘ఉతకొద్దు’ అనే మాటలో ఉన్న నిజం ఇంతవరకే.

కానీ ఆరు నెలలు అన్నది ఏ ఊరి వాతావరణానికో చూడాలి కదా. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి 15 నెలలు ఉతక్కుండా వేసుకున్న రా డెనిమ్‌ను పరీక్షించారు, 2011లో వార్తల్లోకి వచ్చింది. తర్వాత అదే ప్యాంటు ఉతికి, 13 రోజులు వేసుకున్నాక మళ్ళీ చూస్తే బ్యాక్టీరియా దాదాపు అంతే ఉంది. దాన్ని చూపించి చాలామంది ఉతకడం మానేశారు. ఆ విశ్వవిద్యాలయం ఉన్న ఎడ్మంటన్ చలి ఎక్కడ, విశాఖ ఉక్కపోత ఎక్కడ! చెమట ఉప్పు, రోడ్డు దుమ్ము పోగుల మధ్య చేరితే నడిచిన ప్రతి అడుగుకీ లోపల రాపిడే. తొడల సందులో, జేబు మూలల్లో గుడ్డ పలచబడి చిరుగుతుంది. అంత మంచి గుడ్డ గీతల కోసం పాడైపోతుంటే నేను చూడలేను. ఫ్రీజర్ మాటా అంతే. చలికి బ్యాక్టీరియా చాలావరకు నిద్రపోతుంది గానీ చావదు, ఒంటి వేడికి మళ్ళీ లేస్తుంది. మురికి మాత్రం ఎక్కడికీ పోదు.

నన్నడిగితే మన కోస్తా వాళ్ళు రా డెనిమ్‌ను కార్తీకంలో మొదలుపెట్టాలి. అప్పటి నుంచి శివరాత్రి దాకా హాయిగా ఉతక్కుండా వేసుకోవచ్చు, గంజి ఉండగానే ముడతలు స్థిరపడతాయి. నీది ఇప్పుడే మొదలైంది కాబట్టి ఎండాకాలం సాయంత్రాలూ, ఏసీ ఆఫీసు రోజులూ మాత్రమే వేసుకో. తప్పక రోజూ వేసుకుంటే రెండు మూడు వారాలకు ఉతుకు. బండి నడపడం మానకు, వంచిన మోకాలి వెనక వచ్చే గీతలకు అంతకంటే మంచి సాధన లేదు.

ఉతికే పద్ధతి: గుండీలన్నీ పెట్టి లోపలివైపు బయటికి తిప్పు. పెద్ద టబ్‌లో చల్లటి నీళ్ళు, పట్టుచీరలకు తీసినట్టే పలచగా కుంకుడు రసం. ప్యాంటు మడత లేకుండా పరిచి ముంచి, ముప్పావు గంట ఉంచు. తడి గుడ్డ మడతపడి రుద్దుకుంటే ఎక్కడపడితే అక్కడ తెల్లచారలు వస్తాయి, అవి ఇక పోవు. కాబట్టి బ్రష్షు, బండ, పిండటం మూడూ వద్దు. బట్టలను మెరిపించే పౌడర్లు కూడా వద్దు, వాటిలో తెలుపు తెచ్చే రసాయనాలు నీలాన్ని మసకబారుస్తాయి. చేత్తో మెల్లగా ఒత్తి, రెండుసార్లు జాడించి, నడుము పట్టీ దగ్గర క్లిప్పులు పెట్టి నీడలో వేలాడదియ్యి. మొదటిసారి వేరే బట్టలేవీ కలపకు.

శాన్ఫరైజ్డ్ అంటే ముందే కుదించిన గుడ్డ, చల్లనీళ్ళకి మహా అయితే మూడు శాతం లోపు తగ్గుతుంది. ఆ ముద్ర లేని గుడ్డ అయితే పది శాతం దాకా కుంచించుకుపోతుంది, దాని లెక్క వేరు.

డాలస్_తెలుగమ్మాయి:

చీరాల అన్నయ్యగారూ, ఇంత వివరంగా ఎక్కడా చదవలేదు, థాంక్స్. మాకిక్కడ ఇంటి బయట బట్టలు ఆరేయడానికి అపార్ట్‌మెంట్ వాళ్ళు ఒప్పుకోరు, అందరం డ్రయర్‌లో వేసేస్తాం. రా డెనిమ్ మాత్రం అందులో వెయ్యకండి. వేడికి ఇంకా కుదించుకుంటుంది, వెనక ఉన్న తోలు ముక్క బిగుసుకుని పగులుతుంది. నేను షవర్ రాడ్‌కి వేలాడదీసి బాత్రూం ఫ్యాన్ వేసి ఉంచుతాను.

ఎంవీపీ_కాలనీ:

అన్నయ్యా, అమ్మకి మీ కుంకుడుకాయ మాట చదివి వినిపించాను, వెంటనే ఒప్పుకుంది. ఇంకో రెండు అనుమానాలు. వానాకాలంలో బీరువాలో పెడితే బూజు పడుతుందా? సీటు మీద అంటిన నీలం సంగతేంటి?

చీరాల_మగ్గం:

పడుతుంది. గంజి ఉన్న గుడ్డకు బూజు ఇంకా తొందరగా పడుతుంది, మా ఇంట్లో గంజి పట్టించిన పడుగుని వానల్లో అందుకే నిల్వ ఉంచేవాళ్ళు కాదు. వానలు మొదలయ్యే ముందు ఒకసారి ఉతికి, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరాకే లోపల పెట్టు. జేబు సంచులు, నడుము పట్టీ ఆఖరున ఆరతాయి, చేత్తో తాకి చూడు. ప్లాస్టిక్ కవర్లో మాత్రం పెట్టకు.

సీటు మరక కొత్తలోనే తడిగుడ్డకు కాస్త సబ్బు రాసి తుడిస్తే చాలావరకు పోతుంది. తడిసిన డెనిమ్ పొడిదానికంటే ఎక్కువ రంగు వదులుతుంది, కాబట్టి వానలో తడిసొచ్చి సోఫా మీద కూర్చోకు. రెండు మూడు ఉతుకుల తర్వాత ఇది బాగా తగ్గుతుంది.

ఇంకో మాట. ఉతికిన ప్రతిసారీ తొడల సందు లోపలివైపు వెలుతురుకు పెట్టి చూడు. నీలం పోగులు తెగి తెల్ల పేక ఒక్కటే అడ్డంగా కనిపిస్తే, చిరిగేదాకా ఆగకు. లోపల పలచటి నూలుగుడ్డ ముక్క వేసి, గుడ్డ రంగు దారంతో దగ్గర దగ్గరగా రఫ్ఫు చేయించు. జీన్స్ కుట్టడం అలవాటున్న టైలర్ దగ్గరికే వెళ్ళు, మెషిన్‌లో 16 లేదా 18 నంబరు సూది ఉందో లేదో అడుగు. చొక్కాలు కుట్టే సన్న సూది ఈ గుడ్డలో విరుగుతుంది.